ఆ ఉప్పు ఎవరిది?

కిరాయి అన్న మాట ముందు తగిలిస్తే చాలు, ఏ పనైనా సగం నేరంలా వినిపిస్తుంది. కిరాయి గూండా, కిరాయి హంతకుడు, కిరాయి సైనికుడు. ఇల్లు బాడుగకి తీసుకుంటే తప్పు లేదు, ట్రాక్టర్ బాడుగకి తెచ్చుకుంటే తప్పు లేదు. మనిషి చేతిలోని కత్తిని బాడుగకి తీసుకుంటే మాత్రం మొహం చిట్లిస్తాం. ఎందుకని? దేశం కోసం సరిహద్దులో నిలబడ్డ సైనికుడు కూడా నెల తిరిగేసరికి జీతం తీసుకునేవాడే కదా?

మాటల పుట్టుక చూస్తే ఈ ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. ఇంగ్లీషువాళ్ళ 'సోల్జర్' అన్న మాట 'సోలిడస్' అనే రోమన్ బంగారు నాణెం పేరు నుంచి వచ్చింది. అంటే నాణెం పుచ్చుకునేవాడు అని. మన 'భటుడు' తక్కువేం కాదు. అది 'భృత' అన్న సంస్కృత పదానికి ప్రాకృతంలో అరిగిపోయిన రూపం. అర్థం: పోషించబడ్డవాడు, కూలి ఇచ్చి పెట్టుకున్నవాడు. నిరుద్యోగ భృతిలో ఉన్న భృతి, భటుడిలో ఉన్న భృతి ఒకటే. అటు యూరప్‌లోనూ ఇటు మన దగ్గరా సైనికుడన్న మాటలోనే జీతం ఉంది. తర్వాతెప్పుడో మనం దాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కకి వీరుడని, రెండో ముక్కకి కిరాయివాడని పేర్లు పెట్టుకున్నాం.

నాది చరిత్ర కాదు, ఇంజనీరింగు. ఊరు అనంతపురం జిల్లా కంబదూరు, ఉద్యోగం బెంగుళూరులో. కిరాయి సైనికుల మీద నాకు ఆసక్తి యూరప్ మధ్యయుగాల పుస్తకాలతో మొదలైంది గానీ, చదివే కొద్దీ అది తిరిగి తిరిగి మా సీమకే వచ్చి ఆగింది. ఆ దారిలోనే మీకూ చెప్తాను.

యూరప్ ముచ్చట ముందు. క్రీ.శ. 988లో బైజాంటియం చక్రవర్తి రెండో బాసిల్‌కి సొంత సేనానులే ఎదురుతిరిగారు. కీవ్ పాలకుడు వ్లదీమిర్ అతనికి 6,000 మంది యోధుల్ని పంపాడు. వాళ్ళ నుంచే తర్వాత చక్రవర్తి అంగరక్షక దళం, వరాంగియన్ గార్డ్, తయారయింది. బయటివాళ్ళు, బాడుగ మనుషులు. అయినా సొంత మనుషులకంటే వాళ్ళనే చక్రవర్తులు ఎక్కువ నమ్మారు. స్థానికంగా బంధువులు, భూములు, పగలు లేనివాడు కుట్రలో చేరే అవకాశం తక్కువ అని లెక్క.

నాకు అంతకంటే విచిత్రంగా అనిపించింది ఇంగ్లండ్ కథ. థోర్కెల్ అనే డేనిష్ నాయకుడు అక్కడ ఊళ్ళు దోచాడు, డబ్బు గుంజాడు. 1012లో అతని మనుషులు కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ని చంపేశారు. అదే ఏడాది థోర్కెల్ 45 ఓడలతో వెళ్ళి ఇంగ్లండ్ రాజు ఎథెల్‌రెడ్ కొలువులో చేరాడు. వాళ్ళు దేశాన్ని కాపాడతారు, రాజు తిండీ బట్టా ఇస్తాడు. అదీ ఒప్పందం. ఆ తిండికీ బట్టకీ డబ్బెక్కడిది? 'హెరెగెల్డ్' అని భూమి మీద కొత్త పన్ను పెట్టారు. 1051లో ఎత్తేసేదాకా రైతులు అది కడుతూనే ఉన్నారు. అంటే, నిన్న కొట్టం తగలబెట్టినవాడికి ఈ రోజు నుంచి నెలనెలా జీతం. ఇచ్చేది కొట్టం తగలబడినవాడు! ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు ఇటు వద్దాం. బెంగుళూరు దక్షిణాన, ఈ రోజు ఐటీ వాళ్ళ అపార్టుమెంట్లతో నిండిపోయిన బేగూరులో దాదాపు పదకొండు వందల ఏళ్ళ కిందటి వీరగల్లు ఒకటి దొరికింది. ఇప్పుడది బెంగుళూరు మ్యూజియంలో ఉంది. గాంగ రాజు ఎరెయప్ప పంపగా నాగత్తరుడు అనే నాయకుడు వెళ్ళి, అయ్యపదేవుడి తరఫున యుద్ధం చేసి చచ్చిపోయాడు. రాయి మీద ఏనుగులు, గుర్రాలు, కత్తులు, కింద పడ్డ మనుషులు. పక్కనే శాసనం: నాగత్తరుడి పదవి ఇరుగుడికి ఇచ్చి, బేగూరు చుట్టుపక్కల ఊళ్ళు అతనికి కల్నాడుగా ఇచ్చారని. కల్నాడు అంటే యుద్ధంలో చచ్చినవాడి తరఫువాళ్ళకి ఇచ్చే భూమి. ఒకరి గొడవలో ఇంకొకరి కోసం ఇంకొకరి ఆజ్ఞ మీద చచ్చిపోయాడు, బదులుగా ఊళ్ళు వచ్చాయి. జీతం నాణేల్లో కాకుండా భూమిలో ఇచ్చారు కాబట్టీ, అందుకు రాయి నిలబెట్టారు కాబట్టీ, మనం నాగత్తరుణ్ణి కిరాయివాడు అనం. వీరుడు అంటాం. మరి తేడా ఎక్కడుంది?

పెద్దవాళ్ళు తేడా గురించి చాలానే రాశారు. కౌటిల్యుడు సేనల్ని ఆరు రకాలుగా విడగొట్టాడు: మౌలం, భృతకం, శ్రేణి, మిత్రసేన, శత్రుసేన, అటవీసేన. వంశపారంపర్యంగా వచ్చే మౌలసేన అన్నిటికంటే మేలు, జీతపు సేన దాని తర్వాత, అలా దిగుతూ పోతుంది. మాకియవెల్లి అయితే 'ప్రిన్స్' పన్నెండో అధ్యాయంలో కిరాయి సేనల్ని ఉతికి ఆరేశాడు. శాంతికాలంలో నీ సైనికులమంటారు, యుద్ధమొస్తే కనపడరు అని ఆయన గోల. పౌరులే సైనికులు కావాలన్నాడు. ఆయన దగ్గరుండి తయారు చేసిన ఫ్లోరెన్స్ పౌరసేన 1512లో ప్రాతో దగ్గర స్పెయిన్ సైన్యం ముందు నిలబడలేక చెదిరిపోయింది, అది వేరే సంగతి.

వీళ్ళిద్దర్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకటి తెలుస్తుంది. ఇద్దరూ అడుగుతున్నది ఒకే ప్రశ్న: జీతానికొచ్చినవాడు నమ్మదగ్గవాడేనా? ఇది జీతమిచ్చేవాడి ప్రశ్న. మేనేజర్ ప్రశ్న. మధ్యలో వదిలేసి పోతాడా, పక్క కంపెనీ ఎక్కువిస్తే అటు దూకుతాడా అన్న బెంగ. ఇందులో నీతి ఏముంది? నమ్మకంగా పనిచేసే హంతకుడు నమ్మకం లేని హంతకుడి కంటే మంచివాడా? కిరాయి సైనికుణ్ణి తిట్టడానికి మనం వాడే మాటలు చాలావరకు అతన్ని పెట్టుకున్న రాజుల దగ్గర అరువు తెచ్చుకున్నవే.

రాజుల్ని ఈ విషయంలో మా జిల్లాలో అందరికంటే ఎక్కువ ఏడిపించినవాడు గుత్తి మురారి రావు. గుత్తి కోట ఎక్కినవాళ్ళు కొండ అంచున 'మురారి రావు గద్దె' అని చిన్న మండపం చూసే ఉంటారు. అక్కడ కూచుని చదరంగం ఆడేవాడని చెప్తారు. ఆట ఏమోగానీ, ఆడిన ఎత్తులు మాత్రం మామూలువి కావు. ఘోర్పడే వంశపు మరాఠా సర్దారు. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకుని ఇతన్ని అక్కడ ఉంచారు. 1743లో నిజాం వచ్చి ఖాళీ చేయించాడు. తర్వాత గుత్తి ఇతని స్థావరమైంది. కర్ణాటక యుద్ధాల్లో ఆర్కాటు నవాబు పదవి కోసం ఇంగ్లీషువాళ్ళు ఒకణ్ణి, ఫ్రెంచివాళ్ళు ఒకణ్ణి ఎగదోస్తున్న రోజులవి. 1751లో క్లైవ్ ఆర్కాటు కోటలో చిక్కుకున్నప్పుడు మురారి రావు వేల గుర్రాలతో, ఇంగ్లీషు పక్షపు జీతం మీద, కొండల దగ్గర ఆగి చూస్తూ ఉన్నాడు. కోట నిలబడేట్టుంది అనిపించాకే కదిలాడు. ఏడాది తిరిగేసరికి ఫ్రెంచివాళ్ళ వైపున్నాడు. 1754లో ఈ గోల వదిలి ఇంటికి పోవడానికి కూడా డబ్బు పుచ్చుకున్నాడు. 1768లో హైదర్ అలీ మీద ఇంగ్లీషువాళ్ళతో కలిశాడు. హైదర్ అది మర్చిపోలేదు. 1776లో గుత్తిని ముట్టడించాడు. అంత ఎత్తు కొండ మీద, అంత బలమైన కోటలో, చివరికి నీళ్ళైపోయాయి. మురారి రావు లొంగిపోయి, కబ్బాళదుర్గంలో ఖైదీగా చచ్చిపోయాడు. మా నేల మీద ఎవడికైనా చివరి లెక్క నీళ్ళతోనే.

మురారి రావుని తిట్టడం తేలిక. 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు' అంటే సరిపోతుంది. కానీ ఆగి చూడండి. అతను ఇంగ్లీషువాళ్ళని మోసం చేశాడు, మైసూరువాళ్ళని విసిగించాడు, ఫ్రెంచివాళ్ళని మధ్యలో వదిలేశాడు. వీళ్ళలో పాపం అనాల్సినవాళ్ళు ఎవరు? మోసపోయినవాళ్ళందరూ అవతలి ఊళ్ళు ఆక్రమించడానికి వచ్చినవాళ్ళే. అతని గుర్రాలు మేసిన పైర్ల సంగతి గురించి మాత్రం అతని మీద ఫిర్యాదు రాసినవాళ్ళెవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకవేళ మురారి రావు ఒకే పక్షాన, చచ్చేదాకా నిజాయితీగా నిలబడి ఉన్నాడనుకోండి. ఆ పైర్లకి ఏమైనా తేడా పడేదా?

ఇక్కడ మనకి ఇంకో నీతి అడ్డొస్తుంది. ఉప్పు నీతి. డబ్బుకి కాదు, తిన్న ఉప్పుకి కట్టుబడి ఉండాలి అన్నది. దీని గౌరవం చాలా పెద్దది. హళేబీడులో ఒక స్తంభం ఉంది. హొయసల రాజు రెండో బల్లాళుడు పోయినప్పుడు, రాజుతోపాటు ప్రాణం విడుస్తామని గరుడ వ్రతం పట్టిన కువర లక్ష్ముడు భార్యతో, అనుచరులతో ప్రాణాలు తీసుకున్న సంగతి దాని మీద చెక్కారు. మన కాకతీయుల దగ్గరా ప్రభువుకి ప్రాణం అంకితమిచ్చిన లెంకలు ఉండేవాళ్ళు. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ ఆ గగుర్పాటు తగ్గాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ప్రభువు కోసం చావడానికి సిద్ధపడ్డవాడు, ప్రభువు చంపమన్నవాణ్ణి చంపడానికి ముందు ఒక్క క్షణమైనా ఆగుతాడా? కిరాయివాడు కనీసం జీతం బాకీ పడితే ఆగుతాడు.

ఉప్పు వేరు, డబ్బు వేరు అని మనం అనుకుంటాం గానీ, మహాభారతం అలా అనుకోలేదు. భీష్మపర్వంలో యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు ఆయుధాలు వదిలి నడిచి వెళ్ళి పెద్దలకి మొక్కుతాడు. భీష్ముడు అతన్ని దీవించి, తను కౌరవుల సొమ్ముకి కట్టుబడిపోయాననీ, మనిషి అర్థానికి దాసుడనీ చెప్పుకుంటాడు. ద్రోణుడూ అదే మాట, కృపుడూ అదే, శల్యుడూ అదే. ధర్మం ఎటుందో తెలిసిన నలుగురు ఘనులు, తెలిసీ అవతల నిలబడ్డానికి చెప్పిన కారణం ఒక్కటే: ఇది తిన్న తిండి. నమ్మకానికి మారుపేరైన భీష్ముడు తన నోటితోనే తనని జీతగాడి వరసలో నిలబెట్టుకున్నాడు. వ్యాసుడికి ఉప్పూ డబ్బూ ఒకటే తూనికలో కనిపించినట్టున్నాయి.

నా అనుమానం ఇది. కిరాయి సైనికుడికీ నమ్మిన బంటుకీ మధ్య మనం గీసే గీత, యజమానికీ సైనికుడికీ మధ్య జరిగే లావాదేవీకి సంబంధించింది. కత్తికి అవతల ఉన్నవాడు ఆ గీతలో ఎక్కడా లేడు. కంబదూరు రైతుని తీసుకోండి. మాకు ఉత్తరాన గుత్తి, వాయవ్యాన రాయదుర్గం, దక్షిణాన మడకశిర, ఆగ్నేయాన పెనుకొండ. ఎటు చూసినా కోటే. ఏటా సగటున 550 మిల్లీమీటర్లు కూడా సరిగ్గా పడని వాన. ఆ వానకి పండిన కొర్రలో జొన్నలో ఎత్తుకుపోవడానికి వచ్చిన రౌతు, చౌతు వసూలుకి వచ్చాడా, ఉప్పు తిన్న రాజు కోసం వచ్చాడా, మూడు నెలల జీతం బాకీ ఉండి ఆకలితో వచ్చాడా అన్నది ఆ రైతుకి అవసరమా? గాదె ఖాళీ అవడంలో తేడా ఏమీ లేదు.

ఇది ఊహ అనుకోకండి. మా ప్రాంతం మొత్తాన్నీ ఒకసారి సైనికుల జీతంగా చెల్లించేశారు. టిప్పు నుంచి వచ్చిన ప్రాంతాల్ని నిజాం, 1800 అక్టోబరు ఒప్పందంతో, తన రాజ్యంలో పెట్టుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొన్ని భాగాలు. దత్తమండలాలు అని బడిలో చదువుకున్నామే, అవి. ఇవాళ్టి రాయలసీమలో చాలా భాగం ఒక బాడుగ సైన్యం బిల్లు కింద చేతులు మారింది. కంబదూరులో అప్పుడున్న రైతుని ఎవరూ అడగలేదు. అతను సైనికుడూ కాదు, యజమానీ కాదు. అతనే జీతం.

ఇక్కడ థోర్కెల్‌ని మళ్ళీ గుర్తు చేసుకోండి. అక్కడ పన్ను, ఇక్కడ శిస్తు. మురారి రావుకి ఇంగ్లీషువాళ్ళు ఇప్పించిన డబ్బు, మైసూరు ఇచ్చిన డబ్బు, నిజాం కంపెనీకి ఇచ్చిన డబ్బు, అన్నీ చివరికి ఒక్క చోట నుంచే రావాలి. గింజ పండే చోటు నుంచి. రాజు ఉప్పు పండించడు. రాజు ఇచ్చే ఉప్పు రైతు దగ్గర తీసుకున్నదే. అలాంటప్పుడు తిన్న ఉప్పుకి కట్టుబడి ఉండాలన్న నీతిని నిజంగా నమ్మేవాడు ఎవరికి కట్టుబడాలి? ఆ నీతినే పట్టుకుని చివరిదాకా నడిస్తే సైనికుడి విశ్వాసం చేరాల్సింది రాజు గుమ్మానికి కాదు, రైతు గాదె దగ్గరికి. కౌటిల్యుడి మౌలసేనా భృతకసేనా ఆ లెక్కలో ఒకే ఇంటి జీతగాళ్ళు. ఇద్దరిదీ ఒకే ద్రోహం, ఆ ఇంటి మీద పడినప్పుడు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, అది నేనే చెప్తాను. సైనికుడూ ఆ రైతు కొడుకే కదా! మన్రో 1800లో కలెక్టరుగా వచ్చేనాటికి దత్తమండలాల్లో సుమారు 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ చేతికింద 30,000 మంది దాకా ఆయుధాలు పట్టిన బంట్లు. ఈ 30,000 మంది ఆకాశం నుంచి ఊడిపడలేదు. వానలేని ఏడు మడి ఎండితే పాళెగాడి గుమ్మం తొక్కినవాళ్ళే ఎక్కువ. కట్టుబడి బంటుకి చిన్న మాన్యం ఇస్తారు, పిలిచినప్పుడు కత్తి పట్టుకుని రావాలి. కంపెనీ పాళెగాళ్ళని అణిచి ఈ మాన్యాలు ఒక్కొక్కటే లాక్కుంది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక నడిచినవాళ్ళలో మాన్యం పోయిన కట్టుబడులు చాలామంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరి తీశారు. ఆ కట్టుబడుల్ని మనం కిరాయివాళ్ళంటామా? అనం. వాళ్ళని పట్టుకోవడానికి వచ్చిన కంపెనీ సిపాయిని అంటామా? అతనూ ఎక్కడో ఇంకో ఎండిన ఊరివాడే.

కాబట్టి తప్పుని అందరికీ సమానంగా పంచలేం. తిరస్కరించగలిగే స్థోమత ఎంతుందో తప్పూ అంతే. మురారి రావుకి కోట ఉంది, వద్దు అనగలడు. డూప్లేకీ నిజాముకీ అంతకంటే ఎక్కువ ఉంది. రౌతుకి తక్కువ, మాన్యం మీద బతికే కట్టుబడికి ఇంకా తక్కువ. పేదరికం నింద తగ్గిస్తుంది. కానీ ఒక్కటి గమనించాలి. నింద తగ్గినంత మాత్రాన రైతు గాదె నిండదు. ఆ నష్టం ఎవరో ఒకరి ఖాతాలో పడాలి. సైనికుడి ఖాతాలోంచి తీసేస్తే, అది జీతమిచ్చినవాడి ఖాతాలోకి వెళ్ళాలి గానీ గాల్లో కలిసిపోకూడదు. చరిత్రలో జరిగింది మాత్రం ఎక్కువగా గాల్లో కలవడమే.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చూశాను. జెనీవా ఒప్పందాలకి 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్, 47వ అధికరణం, కిరాయి సైనికుడెవరో చెప్తుంది. సొంత లాభమే అతని ప్రేరణ అయి ఉండాలి, అదే హోదాలోని మామూలు సైనికుల కంటే బాగా ఎక్కువ డబ్బు ఆశ చూపి ఉండాలి, యుద్ధం చేస్తున్న దేశాల పౌరుడు కాకూడదు, వాటి సైన్యంలో సభ్యుడు కాకూడదు, ఇలా వరసగా షరతులు. అన్నీ ఒకేసారి కలవాలి. కోడ్ రాసేవాడిగా నాకు ఇది చదవగానే అర్థమైంది: ఇన్ని 'అండ్' షరతులు పెడితే దాదాపు ఎవడూ దొరకడు. సైన్యంలో చేర్చుకున్నట్టు ఒక్క కాగితం రాస్తే చాలు, బయటపడిపోతాడు. పైగా ఇక్కడా ప్రశ్న అతని జేబు గురించి, పాస్‌పోర్టు గురించే. అతను ఎవరిమీద కాల్చాడన్నది ఈ నిర్వచనంలో లేదు.

2024లో వచ్చిన వార్తలు మీకు గుర్తుండే ఉంటాయి. సహాయకుల ఉద్యోగాలని నమ్మించి రష్యా తీసుకెళ్ళి యుక్రెయిన్ యుద్ధంలోకి తోసిన భారతీయుల్లో తెలంగాణ కుర్రాళ్ళు కూడా ఉన్నారు. కొందరు భారతీయులు అక్కడే చనిపోయారు. వాళ్ళని కిరాయి సైనికులు అనడానికి నాకు నోరు రాదు. వాళ్ళు అడిగింది ఉద్యోగం, చేతిలో పెట్టింది తుపాకి. కానీ అవతల గుండు తగిలిన యుక్రెయిన్ మనిషి ఇంట్లోవాళ్ళకి ఈ వివరణ ఏం ఓదార్పు? రెండూ నిజాలే. రెండిటినీ ఒకేసారి మోయగలగాలి.

మా ఆఫీసుల్లో కంపెనీ మారినప్పుడల్లా 'మనమూ కిరాయి సిపాయిలమే కదబ్బా' అని నవ్వుకోవడం మామూలు. ఈ పోలిక నాకు అంతగా నచ్చదు. జీతం పెరిగిందని ఉద్యోగం మారడంలో ఎవడి ప్రాణమూ పోదు. నోటీసు పీరియడ్ పూర్తి చేయకపోవడం ద్రోహమేం కాదు. అది మేనేజర్ బాధ, కౌటిల్యుడి బాధ. అయితే పోలికలో ఒక్క ముక్క మాత్రం నిలుస్తుంది. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో క్లయింట్ ఉంటాడు, డెడ్‌లైన్ ఉంటుంది, బిల్లింగ్ ఉంటుంది. మనం రాసిన ప్రోగ్రాం ఎవరి రేషను కార్డు ఆపేస్తుందో, ఎవరి అప్పు దరఖాస్తు తిప్పికొడుతుందో, ఆ మనిషికి అందులో పేరుండదు. అడగకుండా రాయడమే వృత్తి నైపుణ్యం అనిపించుకుంటుంది. కత్తి కాదు కాబట్టి దెబ్బ చిన్నది, నిజమే. అడగకపోవడం మాత్రం అదే రకం.

కిరాయి సైనికుడు తప్పు చేస్తున్నాడా అంటే, డబ్బు తీసుకున్నందుకు కాదు అంటాను. పక్షం మార్చినందుకు అసలే కాదు. చెడు పక్షం నుంచి మారిపోవడం ఒక్కోసారి అతను చేయగలిగిన ఒకే ఒక్క మంచి పని. ఎవరిమీదికి పంపుతున్నారు, వాళ్ళు నాకేం చేశారు, నాకిచ్చే ఈ డబ్బు ఎవరి గాదెలోంచి వచ్చింది అన్న మూడు ప్రశ్నలు అడిగే హక్కుని కూడా జీతంతోపాటు అమ్మేసుకోవడం తప్పు. ఆకలితో అమ్ముకున్నవాడిది చిన్న తప్పు. ఆ హక్కుని కొనుక్కున్నవాడిది పెద్ద తప్పు. ఉప్పు పేరు చెప్పి ఉచితంగా రాయించుకున్నవాడిది అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే వాడు ధర కూడా కట్టలేదు.